రేడియో హవల్దారు కుడి చెవి

ఎడారి పోస్టులో దిగేసరికి మధ్యాహ్నం. ట్రక్కు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలింది. "అబ్బా" అన్నాను.

"ఏ ఊరు తమ్ముడూ?" ఇసుక బస్తాల బంకర్లోంచి తెలుగు వినబడింది.

రేడియో హవల్దారు. సింగరాయకొండ ఆయన. నాది వినుకొండ దగ్గర. ఆ పోస్టుకి నర్సింగ్ అసిస్టెంటుని. నా కిట్ బ్యాగు అందుకుని, "ముందు టీ తాగు" అన్నాడు.

వేసవి ముదిరాక ఆయన కుడి చెవిలో పోటు మొదలైంది. చుక్కలు వేశాను. తగ్గలేదు. చపాతీ నమలలేకపోయాడు. షుగర్ చూస్తే బాగా ఎక్కువ. ఉందని ఆయనకే తెలియదు. రేడియోలో మిలిటరీ ఆసుపత్రి డాక్టరుగారికి చెప్పాను.

"వెంటనే తీసుకురా. షుగరున్నవాళ్లకి అది ఎముకలోకి పాకుతుంది."

ఆసుపత్రిలో ఆయనకి తోడుగా నన్నే ఉంచారు. చీము పరీక్షలో బాక్టీరియా దొరికింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నొప్పి తగ్గింది. కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. ఒక ఉదయం టీ తాగుతుంటే పెదవి చివర నుంచి కారిపోయింది. కుడి కన్ను మూతపడలేదు.

"నా మూతికేమైంది తమ్ముడూ?"

తువ్వాలుతో తుడిచాను.

డాక్టరుగారు మత్తు ఇచ్చి, చెవి లోపలి నుంచి చిన్న కండముక్క తీయించి పరీక్షకి పంపారు. అందులో ఫంగస్ ఉంది. "పైన దొరికింది ఒకటి, లోపల ఎముకని తినేది ఇంకొకటి. ఆ మందుకి ఇది లొంగదు" అన్నారు. మందు మార్చారు.

రోజూ పడుకునేముందు ఆయన కంట్లో చుక్కలు వేసి, రెప్ప మూసి, ప్లాస్టర్ అంటించేవాణ్ని.

"చెవి పోతే నాకు రేడియో ఇవ్వరు. ఇంకేం పని వచ్చు నాకు?"

"పోదన్నా" అన్నాను. నాకేం తెలుసు?

నెలల తరబడి మందు వాడాక నొప్పి పూర్తిగా పోయింది. వినికిడి చాలావరకు నిలిచింది. మూతి మాత్రం పూర్తిగా సరికాలేదు. రేడియో మళ్లీ ఇవ్వలేదు, స్టోర్సులో వేశారు.

సెలవు దొరకగానే నేనే ఇంటికి తీసుకెళ్లాను. వాళ్లావిడ మిర్చి కల్లంలో కాయలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చింది. ఆయన ముఖం దాకా చేతులెత్తి, చటుక్కున ఆగిపోయింది.

"చేతులన్నీ కారమండీ. ముట్టుకోలేను."

రెండు చేతులూ దూరంగా గాల్లోకి చాపి, వంగి, ఆ కుడి చెంపకి తన చెంప ఆనించి, చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

ఆయన ముఖంలో సగం నవ్వింది. నవ్వలేని సగం మీద ఆమె చెంప. గాల్లో ఆ ఎర్రటి చేతులు.