గోడ మీద బియ్యం గిన్నెలు

బొమ్మ మొదలెట్టే ముందు వార్సినా గోడకు అరచెయ్యి ఆనించి తడి చూస్తుంది. చెవి సందులో లవంగాల సిగరెట్టు ఉంటుంది, వెలిగించదు. యోగ్యకర్త నగరంలో ఏటిగట్టు పేటల గోడల మీదవన్నీ ఆవిడ బొమ్మలే. ఈసారి నగర కళల నిధి వాళ్లు రంగులకు డబ్బిస్తామన్నారు. గట్టు మీద గుడిసెల్లో ఉండేవాళ్లనే ఆవిడ నిలువెత్తున గీసింది. నిధి అధికారి హెరుసన్ చూసి మొహం చిట్లించాడు. "టూరిస్టులు తిరిగే దారక్కా ఇది. వీళ్లని చెరిపేసి పూలు వెయ్యి. వచ్చే ఏడూ నిధి డబ్బు నీకే ఇప్పిస్తా." "పూలు కావాలంటే కుండీలు కొనుక్కో తమ్ముడూ," అంటూ ఆవిడ ఇంకో మొహానికి కళ్లు దిద్దింది.

నిధి డబ్బు ఆగిపోయింది. ఆ పేటలో ప్రతి గుమ్మానికీ ఓ చిన్న గిన్నె వేలాడుతుంది. రాత్రి గస్తీవాళ్ల కోసం ఇంటివాళ్లు అందులో గుప్పెడు బియ్యం వేస్తారు. ఆ నెల గస్తీవాళ్లు ఆ బియ్యమంతా అమ్మి వార్సినాకు రంగులు తెచ్చారు. బొమ్మ పూర్తయ్యాక హెరుసన్ మళ్లీ వచ్చాడు. దాత పేరు రాయాల్సిన మూలలో గిన్నెల వరస గీసి ఉంది. అన్నిట్లోనూ బియ్యం, ఒక్కటి మాత్రం ఖాళీ. "ఇదేంటక్కా, వట్టిగా వదిలేశావు?" వార్సినా సిగరెట్టు తీసి, మొదటిసారి వెలిగించింది. "అది నీది. ఎప్పుడైనా బుద్ధి పుడితే ఓ గుప్పెడు వేసిపో."