గులాబి రంగు కింద అవ్వ

మా డ్రాయింగు సార్ పోయారని కోదాడ బస్టాండులో పాత క్లాస్‌మేటు చెప్పింది. "పెద్దకర్మ మస్తు ఘనంగ చేస్తున్నరంట" అని కూడా అంది. సూర్యాపేట వెళ్లి ఆ ఘనతేమిటో చూశాను.

టెంటు కింద సార్ ఫోటో పక్కనే, ఆయన రేకు మీద చెక్కి అచ్చు తీసిన జామకాయల అవ్వ బొమ్మ పెట్టారు. ఛీ! సూర్యాపేట బస్టాండు ముందు గంప పెట్టుకునే ఆ ముసలామె బుగ్గలకు గులాబి రంగు, పెదాలకు ఎరుపు. ముఖం మీద ఒక్క ముడత లేదు.

"ముడతలతోని గట్లనే పెడితే నలుగురు ఏమనుకుంటరక్కా? స్టూడియోల ఇచ్చి టచింగ్ చేయించిన. మంచిగైంది గదా?" అన్నాడు సార్ పెద్దకొడుకు. పైగా నేను మెచ్చుకోవాలట!

ఆ బొమ్మ తయారవడం నేను దగ్గరుండి చూశాను. నా హైస్కూలు రోజుల్లో సార్ తమ ఇంటి వసారాలో జింకు రేకుకు మైనం పూసి సూదితో గీసేవారు. యాసిడ్‌లో ముంచితే గీసిన చోటే రేకు గాడి పడేది. ఆ గాడుల్లో సిరా నింపి, మిర్యాలగూడలో వెల్డింగు చేయించి తెచ్చుకున్న రోలరు కింద తడి కాగితంతో నొక్కేవారు. గోళ్లలో సిరా ఎన్నడూ పోయేది కాదు. ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటుంటే మాకు రోతగా ఉండేది. నాకు చూడటం నేర్పింది ఆ చేతులే.

అవ్వ చెంప మీద దగ్గరదగ్గరగా సన్నటి గీతలు. గంపకు మోటు గీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ. భుజం మీద గీతే లేదు, ఉత్త కాగితం. అయినా అక్కడ ఎండ కాసేది. "ఎదురుంగ జూస్తే బొమ్మనే కనవడ్తది. పక్కకు వంచి సూడు, గీత లేసి నిలవడ్తది" అనేవారు సార్. ముడతలు కొంచెం తగ్గించమన్న హెడ్‌మాస్టరుతో, "అవి ఆమె సంపాదించుకున్నయ్ సార్. తీసెయ్యనీకి మనమెవ్వరం?" అన్నారు.

రేకు ఎప్పుడో పాత సామాన్ల కింద పోయింది. మిగిలింది ఈ ఒక్క కాగితమే. దాన్నీ ఇలా పులిమిపెట్టారు.

అంతలో అవ్వే వచ్చింది, గంపతో సహా. బొమ్మ ముందు నిలబడి, "ఎవలు బిడ్డా గీమె? సారు బిడ్డనా?" అంది. కొందరు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వే అవ్వా."

"నాతోని పరాచకాలా?"

ఫ్రేములోంచి కాగితం లాగేశాను. "అక్కా, జర ఆగు, అందరు చూస్తున్నరు" అంటున్నాడు కొడుకు. చూడనీ. టెంటు అంచున ఎండకు కాగితాన్ని పక్కకు వంచి పట్టాను. గులాబి రంగు కింద నుంచి సిరా గీతలు ఒక్కొక్కటే లేచాయి.

అవ్వ బొటనవేలు వాటి మీద మెల్లగా పాకి గడ్డం దగ్గర ఆగింది. రెండో చేత్తో తన గడ్డం తడుముకుంది.

"గీడ నా కొడవలి గాటు... సారు ఇడిసిపెట్టలే" అంది.

వెనక భోజనాలకు పిలుస్తున్నారు. అవ్వ ఆ వేలు అక్కణ్నుంచి తీయలేదు.