కొబ్బరినీళ్ళు పడ్డ పాటలు

మా అమ్మకి కోపం వస్తే గరిటె తీసుకుని ఖాళీ గిన్నె మీద కొట్టేది. ఒకప్పుడు ఆ అవసరం ఉండేది కాదు. అగ్రికోలో మా క్వార్టర్ వంటింట్లోంచి ఒక్క కేక వేస్తే, రెండు వీధుల అవతల క్రికెట్ ఆడుతున్న తమ్ముడు బ్యాటు పారేసి పరిగెత్తుకొచ్చేవాడు. థైరాయిడ్ గడ్డకి ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు పోయింది. మాట వచ్చేది గానీ, అందులో గాలి ఎక్కువ, శబ్దం తక్కువ.

పోయింది మామూలు గొంతు కాదు. బిర్సానగర్‌లోనో గోవింద్‌పూర్‌లోనో మన తెలుగువాళ్ళింట పెళ్ళంటే అమ్మని ముందురోజే వచ్చి తీసుకెళ్ళిపోయేవారు. ఉక్కు కార్ఖానాలో పనికని శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి పాతుకుపోయిన ఇళ్ళవి. పిల్లలు హిందీలో కొట్టుకుని హిందీలోనే ఏడుస్తారు. కానీ నలుగు పెట్టేటప్పుడు తెలుగు పాట లేకపోతే ముసలమ్మలు ఊరుకోరు. నలుగు పాట, అప్పగింతల పాట, వియ్యపురాలిని ఏడిపించే పాట, అన్నీ అమ్మ దగ్గర ఉండేవి. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. నేను నేర్చుకోలేదు. నాకు రాగం నిలవదని అమ్మే తేల్చేసింది.

ఆపరేషన్‌కి ముందు డాక్టరు, గొంతు మారినా మారవచ్చని ఒక మాట అన్నాడు. అమ్మ దాన్ని పట్టించుకోలేదు. నాన్న మాత్రం ఆ సాయంత్రమే సాక్చి బజారుకి వెళ్ళి తలకి తగిలించుకునే మైకు కొనుక్కొచ్చాడు. నాన్న కంపెనీలో ఫిట్టరు. కంప్యూటరు ముందు కూర్చుంటే మౌసుని కూడా పానా పట్టుకున్నట్టు బిగించి పట్టుకునేవాడు. అలాంటి మనిషి తమ్ముణ్ణి బతిమాలి నేర్చుకుని, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎండలు మండిపోతున్న రోజులు. ఫ్యాను తిరుగుతుంటే ఆ చప్పుడు కూడా పాటలో పడుతోందని అమ్మ కనిపెట్టింది.

"ముందు ఆ ఫేను కట్టీండి. పాట ఇంతారా, గాలి ఇంతారా?" అనేది.

నాన్న ఫ్యాను కట్టేసి, చెమటలు కారిపోతుంటే తుడుచుకోకుండా కూర్చునేవాడు. తుడుచుకుంటే కుర్చీ కిర్రుమనేది.

తర్వాత కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. అంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టాలన్నాడు తమ్ముడు. పాటలన్నీ నా హార్డ్ డిస్కులోకి మార్చాం. నేను బడిలో టీచరుగా చేరిన కొత్తలో కొనుక్కున్న డిస్కు అది. ఇటుకంత ఉండేది. పక్కన వేరే తీగ పెట్టి కరెంటు ఇవ్వాలి. నా ప్రశ్నపత్రాలు, తమ్ముడి సినిమా పాటలు, అమ్మ పాటలు అన్నీ దాంట్లోనే. ఇంకోచోట కూడా ఒక కాపీ పెట్టాలని అందరికీ తెలుసు. మిగతావాళ్ళలో ఎవరో పెట్టే ఉంటారని అందరం ధీమాగా ఉండిపోయాం.

ఆపరేషన్ తర్వాత అమ్మ పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. "నన్ను సూసి జాలిపడతారు. ఆ ముకాలు నాను సూడనేను," అంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న ఒక పాట పెట్టేవాడు. అమ్మ విననట్టే ఉండేది. కానీ పాట ఉన్నంతసేపూ వంటింట్లో గిన్నె చప్పుడు అయ్యేది కాదు.

విశ్వకర్మ పూజ వచ్చింది. మా ఊళ్ళో అది ఎంత పండగో బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఆ రోజు యంత్రాలకి దండలు వేస్తారు, ఆటోలకి బొట్లు పెడతారు. నాన్న కంపెనీలో పూజ చూసుకుని వచ్చి, ఇంట్లో తన పానాలు, స్కూటరు తాళం, అమ్మ కుట్టుమిషను వరసగా పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. కొట్టేది కూడా తన పెద్ద పానాతోనే. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దున్నదాకా కదపకూడదు. దానికీ ఒకరోజు విశ్రాంతి ఇవ్వాలని మా ఇంట్లో పట్టింపు.

ఆ ఏడు అమ్మ నా హార్డ్ డిస్కు తెచ్చి పానాల మధ్య పెట్టింది.

"అమ్మా, ఏ ఔజార్ థోడీ హై!" అని నవ్వాడు తమ్ముడు, ఇది పనిముట్టేం కాదు కదా అని.

అమ్మ బొంగురు గొంతుతో, "నా గొంతు అందులో ఉంది. దానికి బొట్టెట్టకపోతే ఇంక దేనికెడతాను?" అంది.

కుంకుమ పెట్టి, మందారం పెట్టింది. నాన్న కాయ కొట్టాడు. కాయ ముదరలేదేమో, నీళ్ళు పళ్ళెంలో పడక ఎగిరి డిస్కు మీద పడ్డాయి. నేను చెయ్యి చాపాను. అమ్మ గరిటెతో కొట్టినట్టు కళ్ళతోనే కొట్టింది నన్ను. రేపు పొద్దున్నదాకా ముట్టుకోకూడదు. పైపైన తడిసింది, ఆరిపోతుందిలే అనుకున్నాం. చదువుకున్నదాన్ని, ఆ మాట నేనే అన్నాను కూడా.

మర్నాడు తీగ పెడితే లోపల ఎవరో గోటితో గోడ గీకుతున్నట్టు చప్పుడు. కంప్యూటర్ తెర మీద ఏమీ రాలేదు. తీసి మళ్ళీ పెట్టాం. అదే చప్పుడు. అమ్మ దాన్ని పళ్ళెంలో పెట్టి డాబా మీద ఎండలో ఆరబెట్టింది, పక్కింటావిడ వడియాల పక్కన. కాకి రాకుండా కాపలా కూర్చుంది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. అరవబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. ఆ ముఖంలో భయం ఉంది.

"నానే ఎట్టినాను," అంది.

మెట్ల మీద నిలబడి ఉన్న నాన్న, "కాయ కొట్టింది నాను కాదా?" అన్నాడు.

ఇద్దరూ తప్పు తనదంటే తనదని పోట్లాడుకున్నారు. మా ఇంట్లో అలాంటి పోట్లాట నేను అంతకుముందు చూడలేదు.

సాక్చిలో కంప్యూటర్ దుకాణం అతను చూసి, ఉత్త నీళ్ళయితే ఆరిపోయేవని, కొబ్బరినీళ్ళు జిగురుగా అంటుకుపోతాయని, ఇంక కరెంటు పెట్టొద్దని, కలకత్తాలో దీన్ని విప్పి చూసేవాళ్ళున్నారని చెప్పాడు. నాన్న సెలవు పెట్టాడు. డిస్కుని అమ్మ పాత నేతచీర ముక్కలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు. పై బెర్తు మీద పెట్టమని ఎవరో అంటే, "గాజు సామాను" అని అబద్ధం చెప్పాడట.

కొన్నివారాల తర్వాత మళ్ళీ వెళ్ళి, దొరికినవన్నీ సీడీల్లో తీసుకొచ్చాడు. నా ప్రశ్నపత్రాలు ఒక్కటి కూడా పోలేదు. తమ్ముడి సినిమా పాటలు భేషుగ్గా ఉన్నాయి. అమ్మ పాటలు పోయాయి. ఆ ప్రశ్నపత్రాల్ని చూస్తే నాకు ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. పిల్లలకే అక్కర్లేని ప్రశ్నలు అవి!

అమ్మవి మొత్తం మీద ఒకే ఒక్క పాట మిగిలింది, అదీ సగం. వియ్యపురాలిని ఏడిపించే పాట. మొదట్లో "ఫేను కట్టీండి" అనే మాట కూడా ఉంది. వియ్యపురాలి నడకనీ కొంగునీ జడనీ వెక్కిరించడం అయ్యాక, విస్తరి ముందు ఆవిడ అలిగి కూర్చుంటుంది. ఎవరెంత బతిమాలినా ముద్ద ముట్టదు. సరిగ్గా అక్కడ పాట తెగిపోయింది.

ఆ ఆదివారం నాన్న దాన్ని పెట్టాడు. తెగిపోగానే మళ్ళీ మొదట్నించి పెట్టాడు. మళ్ళీ తెగింది. మళ్ళీ పెట్టాడు. ఏదో ఒకసారి ముందుకు పోతుందని ఆయన ఆశ. అమ్మ గుమ్మంలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది, తల ఎత్తలేదు.

తమ్ముడికి మాత్రం నిజంగానే సందేహం వచ్చింది. "అమ్మా, ఫిర్ క్యా హువా? ఖాయా కి నహీ?" అన్నాడు. తర్వాతేమైంది, తిన్నదా లేదా అని.

నాకూ తెలియదు. అన్ని పెళ్ళిళ్ళలో విన్నాను, ఎప్పుడూ చివరిదాకా వినలేదు. అమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇన్ని పెళ్ళిళ్ళు తిరిగినారు, ఇదీ తెల్దేటి మీకు?" అంది.

నాన్న మళ్ళీ మొదట్నించి పెట్టబోయాడు. అమ్మ కత్తిపీట పక్కకి నెట్టి, "ఆపండి బాబూ! ఎన్నిసార్లు దాన్ని పస్తుండబెడతారు? తింతాది," అని మిగతా కథ చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళికొడుకు వచ్చి బతిమాలతాడు, వినదు. వియ్యంకుడు వస్తాడు, వినదు. ఆఖరికి పిల్లి వచ్చి విస్తర్లో బూరె ఎత్తుకుపోతుంటే వియ్యపురాలు అలక మరిచిపోయి దాని వెనక పరిగెడుతుంది. మాటలుగా మొదలైంది, పిల్లి వచ్చేసరికి రాగం వచ్చేసింది. పైకి వెళ్ళాల్సిన చోట గొంతు చీలిపోయింది. కొన్నిచోట్ల గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా ఆగలేదు. బూరె దగ్గర తమ్ముడు పగలబడి నవ్వాడు. నేను ఏడ్చాను.

పాట అయిపోయింది. అమ్మ సిగ్గుపడ్డట్టు కత్తిపీట దగ్గరకి లాక్కుంది. నాన్న మేకుకి వేలాడుతున్న, పాటలు ఎక్కించిన నాటి మైకు వైపు ఒకసారి చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

అమ్మ ఆ చూపు చూసింది. బెండకాయల జిగురు కొంగుకి తుడుచుకుని, లేచి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అలా సూత్తారేటి?" అంది. "ముందు ఆ ఫేను కట్టీండి."