గాజుల చెయ్యి, గొట్టాల కారు

పెళ్లయిన కొత్తలో మొగుడి మనసు తెలుసుకోవడానికి ఒక్కొక్కరు ఒక్కో దారి పడతారు. మా అక్క తలకాయ కూర వండడం నేర్చుకుంది. మా మేనత్త కూతురు క్రికెట్ చూడడం మొదలుపెట్టి, ఇప్పటికీ మానలేక అవస్థ పడుతోంది. నేను మాత్రం, ఆ రోజుల్లో నాకున్న తెలివి కొద్దీ, కారు ఇంజన్లో చెయ్యి పెట్టాను. పెట్టడం వరకు బాగానే పెట్టాను. తీయడమే చేతకాలేదు.

మాది యాచారం దాటాక సాగర్ రోడ్డు మీదే ఉన్న ఊరు. నన్ను ఇబ్రహీంపట్నం ఇచ్చారు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి "పిలగానికి ఆదిబట్లల నౌకరి, సొంత కారు గూడ ఉంది" అన్నప్పుడు, మా బాపు నౌకరి దగ్గర ఊరుకుని కారు దగ్గర తల ఊపాడు. తీరా పెళ్లినాడు ఆ కారు వచ్చి మా వాకిట్లో ఆగేసరికి అందరూ దాని చుట్టూ మూగారు. ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు. వెనక సీటు ఉందంటే ఉంది, లేదంటే లేదు. నేలకు జానెడు ఎత్తు. పట్టుచీరలో ఉన్న నన్ను వదినలంతా కలిసి అందులోకి ఎక్కించారు. (ఎక్కించడం అనకూడదు, బావిలోకి దించినట్టు దించారు.) మా అత్తమ్మ అయితే ఆ కారు కొన్న నాటి నుంచి అందులో కాలు పెట్టలేదట. "గండ్ల కూసునుడూ, చాప మీద కూసునుడూ ఒక్కటే బిడ్డా. గా మాత్రానికి పెట్రోలు ఎందుకు దండుగ" అని నాకు ఏకాంతంగా చెప్పింది.

మా ఆయన మంచివాడు. కానీ మాటలు మహా పొదుపు. అన్నం పెడితే "చాలు", చాయ్ ఇస్తే "పెట్టు", నిద్రపోయే ముందు "లైటు". ఆ కొత్తలో ఆయన నాతో అన్న అతి పెద్ద వాక్యం "జర దిగుతవా?" అన్నది. ఎందుకంటే స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బరువుకి కారు అడుగు గీసుకుపోయేది. నేను దిగి, కొంగు సర్దుకుని, నడిచి బ్రేకర్ దాటి, అవతల మళ్లీ ఎక్కేదాన్ని. బొంగులూరు దాకా షికారు వెళ్లొస్తే సగం దూరం నేను నడిచినట్టే ఉండేది. అయినా దిగిన ప్రతిసారీ ఆయన కళ్లలో నాకు పెట్టిన శ్రమకు ఒక చిన్న క్షమాపణ కనిపించేది. దానికోసం ఇంకో బ్రేకర్ వస్తే బాగుండుననుకునేదాన్ని కూడా. అంత పిచ్చి వయసు.

అట్లా ఉండగా ఒకరోజు పెద్ద అట్టపెట్టె ఒకటి వచ్చింది. పెళ్లానికి ఏదో తెప్పించాడని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాను. పెట్టెలోంచి తళతళలాడే స్టీలు గొట్టాలు బయటికొచ్చాయి. నాలుగు గొట్టాలు వంపులు తిరిగి, ఒకదాన్నొకటి చుట్టుకుని, చివరికి ఒకటే గొట్టంగా కలిసిపోయాయి. వాటిని హెడర్లంటారట. ఇంజన్లోంచి పొగ బయటికొచ్చే చోట కంపెనీవాళ్లు బిగించిన పోత ఇనుప ముద్దను తీసేసి ఇవి పెడితే, కారుకు ఊపిరి సాఫీగా ఆడుతుందట, గొంతు కూడా మారుతుందట. ఇదంతా ఆయన చెప్పలేదు, ఆయన ఫోన్లో చూస్తున్న వీడియోలో ఎవరో దొర చెప్పాడు. మా అత్తమ్మ ఆ గొట్టాల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "గిదేందిరా, బర్రె పొదుగు లెక్కుంది. పాలిస్తదా?" అంది.

"మెకానిక్కు తాన బిగిపిచ్చుకోరాదురా" అంటే, "నేనే బిగిస్తనే అమ్మా" అన్నాడు. దానికి పెట్టిన ముహూర్తం ఆదివారం పొద్దున. ఆ ఆదివారమే మా అమ్మా బాపూ నన్ను ఆషాఢానికి తీసుకుపోవడానికి వస్తున్నారు. కొత్త కోడలు ఆషాఢంలో అత్తతో కలిసి ఒక గడప దాటకూడదు కదా, అందుకని నెలంతా పుట్టింట్లో ఉండాలి. నెల రోజులు ఉండనని తెలిసీ, ఆ పూట నాతో కూర్చుని ఒక మాట చెప్పకుండా గొట్టాలు ముందేసుకున్నాడని నాకు ఏడుపొచ్చింది. బట్టలు సర్దుకుంటూ బ్యాగు జిప్పు మీద నా కోపమంతా చూపించాను. జిప్పు ఊడింది. కోపం మాత్రం పోలేదు.

కానీ ఎంతసేపని గదిలో కూర్చుంటాం? బయటికొచ్చి చూస్తే, కారు ముందు భాగం లేపి, కింద పాత లారీ రింగులు పెట్టి, ఆయన దాని కిందికి దూరి ఉన్నాడు. కాళ్లే కనిపిస్తున్నాయి. పాత ముద్ద అప్పటికే ఊడదీశాడు. కొత్త గొట్టాలు తగిలించాడు గానీ, వెనకాల మూలన ఒక నట్టు ఉంది, ఇంజనుకూ గొట్టానికీ మధ్య సందులో. ఆయన చెయ్యి అందులో పట్టడం లేదు. దూర్చడం, గీరుకోవడం, గట్టిగా ఊపిరి వదలడం. మా బోరు మోటరు చెడినప్పుడల్లా బాపుకు పానాలు అందిస్తూ పెరిగినదాన్ని నేను. ఊరుకోలేకపోయాను. "నా చెయ్యి పడ్తది గావచ్చు" అన్నాను. కాళ్లు కాసేపు ఆలోచించాయి. "నూనె అయితది" అన్నాయి. "కానియ్యున్రి" అన్నాను.

చెయ్యి సుతారంగా పట్టింది. నట్టు వేళ్లతో తిప్పి ఎక్కించాను. ఎంత గర్వమో! వీడియోలో దొరకు కూడా నాలాంటి చెయ్యి లేదనుకున్నాను. ఆ సంబరంలో ముక్కు కింద దురద పెడితే రెండో చేత్తో గోకి, ఒక మీసం కూడా తెచ్చుకున్నాను. ఈలోపు కింద నుంచి ఆయన మిగతా నట్లన్నీ బిగించుకుంటూ వచ్చాడు. గొట్టాలు ఇంజనుకు దగ్గరగా జరిగాయి, సందు సన్నబడింది. చెయ్యి తీయబోతే, నా పెళ్లిగాజులు గొట్టం వంపు వెనక అడ్డం పడ్డాయి.

కొత్త కోడలు ఊరికే కష్టాలు చెప్పుకోకూడదని మా అమ్మ నేర్పింది. కాబట్టి కొంతసేపు నవ్వుతూ నిలబడ్డాను. తర్వాత మెల్లగా, "ఇంటున్రా? వస్తలేదు" అన్నాను.

"జర బలంగ తిప్పు, వస్తది."

"నట్టు గాదు. చెయ్యి."

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. గారెల గిన్నె పట్టుకుని దిగిన మా అమ్మకు కనిపించిన దృశ్యం ఇది: బానెట్టు కింద మోచేతి దాకా ఇంజన్లో చెయ్యి పెట్టి వంగి ఉన్న మీసాల కూతురు, కారు కింద నుంచి పొడుచుకొచ్చిన రెండు కాళ్లు. ఆ కాళ్లే అల్లుడని పోల్చుకోవడానికి ఆమెకు కొంచెం టైం పట్టింది. అల్లుడు మర్యాద తప్పనివాడు కనుక చటుక్కున లేవబోయి తల టంగుమని కొట్టుకుని, కింద నుంచే "నమస్తే మామా" అన్నాడు.

"అయ్యో నా బిడ్డా!" అని అమ్మ గారెల గిన్నె అరుగు మీద పెట్టి, మా అత్తమ్మ వైపు తిరిగింది. "ఏం వదినె, కార్ఖానల పన్జెయ్యనీకి ఇచ్చిన్నా నా బిడ్డను?"

"నేనేం జేద్దు వదినె! పొద్దుగాల నుంచి వద్దురా వద్దురా అని మొత్తుకుంటున్న. నీ బిడ్డనే ఉరికొచ్చి చెయ్యి వెట్టింది!"

వియ్యపురాళ్లిద్దరికీ అదే మొదటి మాటల యుద్ధం. ఎంత దూరం పోయేదో గానీ, మా బాపు ఆపాడు, తెలియక. ఆయన ఇదంతా పట్టించుకోకుండా ఇంజన్లోకి తొంగిచూసి, "గొట్టం మంచిగుంది అల్లుడా" అని మెచ్చుకుని, "గీ గాజులే గద అడ్డం? ఓ రెండు చిట్లగొడ్తే చెయ్యి బయటికొస్తది" అన్నాడు.

"నోరు మూయ్!" అంది అమ్మ.

"ఏం మాటన్నా అది!" అంది అత్తమ్మ.

పెళ్లి పసుపు ఆరని పిల్ల గాజులు పగలగొట్టమన్న పాపానికి ఇద్దరూ ఒక్కటైపోయి బాపు మీద పడ్డారు. తర్వాత ఇద్దరూ కలిసి నా చేతికి వైద్యం మొదలుపెట్టారు. అత్తమ్మ కొబ్బరినూనె డబ్బా తెచ్చి గొట్టాల మీదుగా ధారగా పోసింది. అమ్మ షాంపూ పోసింది. నురగ వచ్చింది గానీ చెయ్యి రాలేదు. నాకు అప్పటికి భయం పట్టుకుంది. గాజు పగిలితే ఎవరేమంటారో అని కాదు, నావల్ల ఆయన ముచ్చట చెడిపోయిందని.

ఆయన కారు కింద నుంచి బయటికొచ్చాడు. నుదుటి మీద బొప్పి. నా చేతినీ, నురగనీ, మెరిసే గొట్టాల్నీ చూశాడు. "గాజులు పలగ్గొట్టుడు ఏం లేదు" అన్నాడు. "పైపులు ఇప్పుత."

"పొద్దటి నుంచి కష్టపడ్డరు గద" అన్నాను, ఏడుపు గొంతుతో.

"మల్ల బిగిస్త. పైపులు యాడికి వోతయి."

అప్పటిదాకా బిగించిన నట్లన్నీ ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. గొట్టం కదిలితే నా మణికట్టుకు రాసుకుంటుందేమోనని ఎడమ చేతిని నా చేతి కింద అడ్డం పెట్టుకున్నాడు. నట్టు నట్టుకూ "నొస్తుందా?" అని అడుగుతున్నాడు. మొహాలు అంత దగ్గరగా ఉండడం, పక్కన పెద్దవాళ్లు ఉండడం, నాకు మీసం ఉండడం, దేనికి సిగ్గుపడాలో తెలియలేదు. అమ్మా అత్తమ్మా గారెలు చల్లారిపోతున్నాయని లోపలికి కదలగానే, పానా తిప్పుతూనే, నా వైపు చూడకుండా అన్నాడు: "నువ్వు వోతే నెలదాంక ఇంట్ల సప్పుడుండది. ఏం తోస్తదని... గియ్యి ముంగటేసుకున్న."

జిప్పు ఊడగొట్టినా పోని కోపం అప్పుడు పోయింది.

చెయ్యి బయటికొచ్చింది, గాజులతో సహా. ఒక్కటీ చిట్లలేదు. అత్తమ్మ తన పాత చీర పేలికతో నా గాజుల్ని మోచేతి వైపుకు జరిపి కట్టేసింది. "ఇగ వెట్టు. మొదలువెట్టినంక ఇడిసిపెడ్తరా ఏంది" అంది. ఈసారి వరస మార్చి, ముందు నా మూల నట్టు బిగించి, తర్వాత మిగతావి బిగించాం. (ఈ ఉపాయం మొదటే ఎవరికీ ఎందుకు తట్టలేదని దయచేసి అడగకండి.) బాపు పానాలు అందించాడు.

కారు స్టార్టు చేశాడు. ఆ గర్జనకు మా అమ్మ చేతిలో గారె కింద పడింది. పక్కింటి ఖాలా గోడ మీదుగా "క్యా హువా?" అంది. ఇంజను వేడెక్కగానే గొట్టాల మీద పోసిన కొబ్బరినూనె కాలి, బానెట్టు కింద నుంచి తెల్లటి పొగ లేచింది. వాకిలంతా ఎవరో పూరీలు కాలుస్తున్న వాసన. అత్తమ్మ బిందెతో నీళ్లు పట్టుకుని ఉరికొస్తుంటే, మాటల పొదుపు మనిషి "నీళ్లు వద్దే! పొయ్యకే అమ్మా! వద్దొద్దే!" అని అన్ని మాటలు ఒకేసారి ఖర్చుపెట్టాడు. బాపు మాత్రం కళ్లు మూసుకుని ఆ చప్పుడు విని, "మస్తుంది గొంతు" అన్నాడు. (తర్వాత పోలీసువాళ్ల భయానికి చప్పుడు తగ్గించే డబ్బా ఒకటి తగిలించాం లెండి. అది ఆషాఢం వెళ్లాక.)

నేను ఆటోలోనే పుట్టింటికి వెళ్లాను. ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు, కాబట్టి ఇంక శ్రావణం దాకా చూపుల్లేవనుకున్నాను. మరుసటి ఆదివారం మధ్యాహ్నం, పట్నం వైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. ముందు సన్నగా, తర్వాత తేనెటీగల తుట్టెలా, తర్వాత గర్జనలా. బాపు మంచంలో లేచి కూర్చుని, "గది మన కారే" అన్నాడు. ఎర్ర కారు మా ఇంటి ముందు రోడ్డు మీద నెమ్మదించి, రెండుసార్లు గుర్రుమని, ఆగకుండా పోయింది. ముందు ఊరి దాకా పోయి తిరిగొచ్చి, మళ్లీ గుర్రుమని పట్నం వైపు వెళ్లిపోయింది. అమ్మ తల కొట్టుకుంటే బాపు అన్నాడు: "గడప తొక్కొద్దన్నరు గని, రోడ్డు తొక్కొద్దన్నరా?"

ఆ నెలలో ఆదివారం తప్పకుండా ఆ చప్పుడు వచ్చేది. ట్రాక్టరు వచ్చినా, బుల్లెట్టు వచ్చినా నా ప్రాణం లేచి కూర్చునేది. చప్పుడు దూరంగా వినపడగానే తడిబట్టల బకెట్ పట్టుకుని డాబా ఎక్కేదాన్ని. పైన ముసురు పడుతూ ఉండేది. ఆ ముసురులో, ఎవరికీ అనుమానం రాదనుకుని, చేతుల్లోకి చూడకుండా రోడ్డుకేసి చూస్తూ, అదే తడి చీరను పిండి ఆరేసి, తీసి, మళ్లీ ఆరేసేదాన్ని.

ఇప్పుడు మాది కరెంటు కారు. ఎప్పుడొచ్చి ఆగుతుందో తెలియదు, మనిషి వంటింట్లోకి వచ్చి "చాయ్ పెట్టు" అంటేనే వచ్చాడని తెలుస్తుంది. మాటలు కూడా బాగానే నేర్చాడు, ముఖ్యంగా నేను సీరియల్ చూస్తున్నప్పుడు. మంచిదే. కానీ ముసురు పట్టిన ఆదివారాల్లో ఒక్కోసారి డాబా మీది ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆరని బట్టలు ఆరేస్తూ, తన తెలివి ఎవరికీ దొరకలేదని మురిసిపోతున్న పిల్ల. వెళ్లి పక్కన నిలబడి, ఏమీ తెలియనట్టే, కాసేపు బకెట్ పట్టుకోవాలనిపిస్తుంది.