నాయన తుపాకిని అనంతపురంలో అప్పగించిన రోజు

కంటి ఆపరేషన్ కోసం నాయన బెంగళూరులో మా అక్క ఇంట్లో నెల రోజులు ఉండాలి. నేనూ వెంట ఉండాలి. మడకశిర దగ్గరి మా ఊళ్లో ఇంటికి తాళం పడుతుంది. అడవి పందుల నుంచి వేరుశనగ చేను కాపాడుకోవడానికి నాయన పేరిట లైసెన్సున్న తుపాకి ఉంది. దాన్ని ఖాళీ ఇంట్లో వదలకూడదు. పోలీస్ స్టేషన్‌లోనో, అనుమతి ఉన్న తుపాకుల దుకాణంలోనో అప్పగించి రసీదు తీసుకోవాలి. అందరికీ నేను చెప్పిన కారణం ఇదే. అమ్మ పోయినప్పటి నుంచి నాయన ఎండిన చేని గట్టున తుపాకి ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కూర్చుంటున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

లైసెన్సు ఎవరి పేరిట ఉంటే వారే తుపాకి వెంట ఉండాలి. అందుకని నాయన కోసం కారు మాట్లాడాను. రానూపోనూ మూడున్నర వేలు. ఖాళీ చేసిన తుపాకిని సంచిలో, తూటాల డబ్బాను వేరుగా డిక్కీలో పెట్టి ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. పెనుకొండలో టిఫిన్‌కు ఆగినప్పుడు నాయన కారు దిగలేదు. ఇడ్లీ అక్కడికే తెచ్చిచ్చాను.

"ఏమప్పా పెద్దాయనా, తుపాకి దాచిపెడితే పందులకు పండగే గదా?" అన్నాడు డ్రైవర్ బసప్ప.

"తినేకి ఆడ ఏముండాదిరా? అవీ మా మాదిరే పస్తుండాయి."

బసప్ప నవ్వాడు. నాయన నవ్వలేదు. రాప్తాడు దాకా రోడ్డుకు రెండు పక్కలా విత్తని నేలే.

అనంతపురంలో తుపాకుల దుకాణం పదికి తెరిచారు. యజమాని తుపాకి నంబరును లైసెన్సుతో సరిచూసి, తూటాలు లెక్కపెట్టాడు.

"లైసెన్సులో రాసినవి పది. ఈడ తొమ్మిదే ఉండాయి. ఇంకోటి యాడ పెద్దాయనా?"

"దేవుని గూట్లో. ఆయుధపూజకు బొట్టు పెట్టి ఆడే పెట్టినా."

పూజ చేసిన ఒక తూటాను ఏడాదంతా గూట్లోనే ఉంచడం మా ఇంటి వాడుక. కానీ ముందురోజు ఆ గూడు తుడిచింది నేనే. అందులో తూటా లేదు.

యజమాని పెన్ను కింద పెట్టాడు. "నిదానంగా చూసుకోండప్పా. నాకేం తొందర లేదు."

నాయన బనీను జేబులో చెయ్యి పెట్టాడు. తూటా తీసి గాజు బల్ల మీద పెట్టాడు. దానికి కుంకుమ ఇంకా అంటుకుని ఉంది.

"గూడు తుడిచినావు గదా. లేదని నీకు తెలుసు," అన్నాడు నా వైపు చూడకుండా.

"తెలుసు నాయనా."

"మరి ఏమిటికి అడగలేదురా?"

యజమాని పది అని రాసి, ముద్ర వేసి, రసీదు నాయన చేతికిచ్చాడు. తిరిగి తీసుకోవాలన్నా ఆ రసీదు, లైసెన్సు పట్టుకుని నాయనే రావాలట.

తుపాకి అప్పగిస్తే నా భయం తగ్గుతుందనుకున్నాను. దుకాణంలో ఇనుప బీరువా ఉంది, దానికి గట్టి తాళం ఉంది. నాయన మనసులో ఉన్నది మాత్రం అదే కారులో మాతో పాటు ఇంటికి వచ్చింది. అక్కకు ఫోన్ చేసి, ఇన్నాళ్లూ చెప్పనిది చెప్పాను.

ఇలా వెళ్లేవారికి ఒక మాట. బయలుదేరే ముందే లైసెన్సు దగ్గర పెట్టుకుని తూటాలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే, అది ఎక్కడుందో ఇంట్లోనే అడగండి.