గంజి పెట్టిన తువ్వాళ్లు

మా బావగారు పోయారు. గత వారం, అమలాపురం ఆసుపత్రిలో, గుండెపోటుతో. కొత్తపేట వైపు కార్లకు పాలిష్ పెట్టించుకున్నవారికి ఆయన తెలిసే ఉంటారు. మా అక్క భర్త. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, అందులో ఆయన పని. నా పాత కారు ఇప్పటికీ ఎండలో నిలబెట్టి చూసుకునేలా ఉందంటే ఆయన చలవే.

విలేకరి పనిలో తీరిక దొరికితే ఆ షెడ్డులో కూర్చునేవాణ్ని. ఆయనకు కార్ల కన్నా వాటిని తుడిచే మైక్రోఫైబర్ తువ్వాళ్ల మీద పట్టింపు ఎక్కువ. కొనేటప్పుడు ప్రతిదాన్నీ చేతి వెనక రుద్ది చూసేవారు. అంచు కుట్టు గరుగ్గా తగిలితే వద్దనేవారు. నూలు బట్టలతో కలిపి ఉతకనిచ్చేవారు కాదు, పోగులు అంటుకుంటాయని. పక్క తోటలో కొబ్బరికాయలు వలిచే రోజున బయట ఆరేసేవారే కాదు. ఆ పీచు పొడి ఇరుక్కుంటే రంగు మీద గీతలు పడతాయి.

ఓసారి కారు యజమాని ఒకాయన, కింద పడిన తువ్వాలును దులిపి అందించాడు.

"ఇంకది టైర్లకేనండి," అన్నారు బావగారు.

"దులిపేను కదండీ!"

"ఆయ్, మీరు దులిపేరు. ఇసక వినాలి కదండీ."

కొన్నేళ్ల క్రితం ఆయనకు జ్వరం వచ్చింది. షెడ్డులో మాసిన తువ్వాళ్లు పేరుకున్నాయి. అక్క వాటిని విడిగానే ఉతికింది. ఆయన పంచెలకు పెట్టినట్టే పల్చగా గంజి పెట్టి, ఆరేసి, మడతలు పెట్టి ఉంచింది. మా ఇళ్లలో మగవాళ్ల బట్టకు గంజి పెట్టకపోతే శ్రద్ధ లేనట్టు. జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన బావగారు తువ్వాలు విప్పితే అది అట్టలా నిలబడింది.

"ఇదేం పనే? దీంతో తుడిస్తే కారు గీరుకుపోదూ? ఇంకెప్పుడూ నా తువ్వాళ్లు ముట్టుకోకు!" అని అరిచారు. కార్లు తెచ్చినవాళ్లు అక్కడే ఉన్నారు. అక్క లోపలికి వెళ్లిపోయింది.

జరిగిన నష్టం ఏమీ లేదు. ఆ తువ్వాలు ఏ కారునూ తాకలేదు. గోరువెచ్చని నీళ్లలో జాడిస్తే గంజి వదిలిపోయింది. ఆ తర్వాత కూడా అక్క ఆయనకు అన్నం పెట్టింది, పంచెలు ఉతికింది, ఆయన వేళాకోళాలకు నవ్వింది. తువ్వాళ్ల జోలికి మాత్రం వెళ్లలేదు. అవి వానకు తడుస్తున్నా కేకేసి ఆయన్నే పిలిచేది.

ఈ మధ్య ఆయనకు ఆయాసం ఎక్కువైంది. ఒక రోజు షెడ్డులో నాతో అన్నారు:

"విలేకరిగారూ, ఈ తువ్వాళ్లు ఉతకమని మీ అక్కని అడగాలండి. పని కోసం కాదు. ఆ రోజు అలా అనేసేను కదా. తప్పయిందని ఊరికే చెబితే నవ్వేస్తది. పని అడిగితే అర్థం చేసుకుంటది."

"అడగండి మరి."

"ఆదివారం బళ్లు తక్కువండి. అప్పుడడుగుతాను."

ఆదివారం నాటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. నోట మాట లేదు.

మొన్న సాయంత్రం ఈ సంగతి అక్కకు చెప్పాను. అంతా విని, "నాతో అంటే ఏం పోయేదిరా తమ్ముడూ? కాదనేదాన్నా?" అంది.

కాసేపటికి లేచి షెడ్డులోకి వెళ్లింది. ఆయన చివరిసారి ఉతికినవి తీగ మీద అలాగే ఉన్నాయి. తీయబోయినట్టు చెయ్యి చాచి, మధ్యలోనే ఆపేసింది. షెడ్డు వెనక కాలవ మీంచి గాలి వచ్చింది. ఒక తువ్వాలు ఎగిరి ఆమె మోచేతి మీద పడింది. అక్క దాన్ని తీయలేదు, పక్కకు జరగనూ లేదు.