అళగమ్మాళ్ నడిచిన పొద్దు

ఒట్టపిడారం ఊరి పక్క తమ నల్లరేగడి చేనిలో పత్తి ఏరి ఏరి దొరైసామి పెళ్ళాం అళగమ్మాళ్ నడుము వంగిపోయింది. వెన్నెముకలో నరాల దారి ఇరుకైందని, ఎముక కాస్త చెక్కితే చాలని ఊరి దగ్గరి డాక్టరు అన్నాడు. మదురై డాక్టరేమో ఇప్పుడందరికీ స్క్రూలు బిగించే ఆపరేషనే చేస్తున్నామన్నాడు. దానికి ఖర్చు నాలుగింతలు. చిన్న ఆపరేషనుతో ఆమె నడవలేదేమోనని దొరైసామి భయపడి, ఆమెకు చెప్పకుండా చేను అమ్మేసి మదురైలోనే చేయించాడు.

నొప్పి తగ్గి నిటారుగా నిలబడిన పొద్దున, "చేను చూసొస్తా" అంటూ అళగమ్మాళ్ బయలుదేరింది. దొరైసామి వెనకే నడిచాడు. గట్టు మీద ఎవరో వేసిన కొత్త ముళ్ళకంచె చూసి ఆమె ఆగిపోయింది.

"అమ్మేస్తిరా?"

"నువ్వు నడవాలని, అళగూ."

"నడిచి యాడికి పోయేది?" అంటూ ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

దొరైసామి పక్కన కూర్చున్నాడు.